చేతి బ్యాగుతోనే విదేశీ ప్రయాణం: సరైన బ్యాగు దొరికేదాకా నా అనుభవం

మే నెలలో మా చెల్లెలూ నేనూ కౌలాలంపూర్ వెళ్లి వచ్చాం. ఇద్దరికీ చెకిన్ లగేజీ, అంటే కౌంటర్లో అప్పజెప్పి విమానం కింద వేయించే సామాను, లేదు. వీపుకు తగిలించుకునే బ్యాగు ఒకటి, భుజానికి చిన్న పర్సు ఒకటి, అంతే. ఊరు చూసిన సంగతులు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. ఆ బ్యాగు ఎంచుకోవడానికే జనవరి నుంచి మార్చి దాకా పట్టింది. అనంతపురంలాంటి ఊళ్లో ఉంటూ ఇలాంటిది కొనాలంటే ఏమేం ఎదురవుతాయో, డబ్బు ఎక్కడ పోతుందో, టెన్షన్ ఎక్కడ పడాల్సి వస్తుందో జరిగింది జరిగినట్టు రాస్తాను.

టికెట్లు సంక్రాంతి సెలవుల్లో, జనవరి 12న తీసుకున్నాం. బెంగళూరు నుంచి నేరుగా వెళ్లే చవక విమానం. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని, వేసవి సెలవుల్లో తప్ప కుదరదు. చెల్లెలు కడపలో టైలరింగ్ షాపు నడుపుతుంది. ఇద్దరం కలిసి వేసిన చీటీ డబ్బుతో వెళ్లే ప్రయాణం, ఇద్దరికీ దేశం దాటడం అదే మొదలు, అందుకే ప్రతి రూపాయి దగ్గరా ఆగి ఆలోచించాం. టికెట్లో 7 కిలోల చేతి బ్యాగు మాత్రమే ఉంది. 20 కిలోలు కలుపుకుందామంటే ఇద్దరికీ రానూపోనూ 11 వేలకు పైనే చూపించింది. మా ఆయన "కట్టేయండి, తలనొప్పి ఉండదు" అన్నారు. ఆ డబ్బుతో మాకు అక్కడ హోటల్ ఖర్చు చాలావరకు గడిచిపోతుంది. చెల్లెలు ఫోన్లో "వద్దక్కా, ఏడు కిలోల్లోనే పోదాం, ఏం పెళ్లికి పోతున్నామా" అంది. అక్కడితో అది ఖాయమైంది.

ముందు కొలతలు రాసుకున్నాను. మేం ఎక్కబోయే ఎయిర్‌ఏషియాలో పెద్ద బ్యాగు 56×36×23 సెంటీమీటర్లు దాటకూడదు. దానితోపాటు 40×30×10 సైజు చిన్న బ్యాగు ఒకటి తీసుకెళ్లవచ్చు, కానీ రెండూ కలిపి 7 కిలోలే. ఈ "రెండూ కలిపి" అన్నమాట చాలామంది కంటపడదు. ఇండిగోలో 55×35×25, 7 కిలోలు, ఆడవాళ్ల పర్సో ల్యాప్‌టాప్ బ్యాగో 3 కిలోల దాకా విడిగా ఉండవచ్చు. ఎయిరిండియాలో 55×40×20. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లో 56×36×23. ఎమిరేట్స్‌లో 55×38×22. పెద్ద బ్యాగుకిచ్చిన మూడు కొలతలూ కూడి చూడండి, అన్నిటికీ 115 వస్తుంది. అందుకే కొన్నిచోట్ల మూడూ కలిపి 115 సెం.మీ. అని మాత్రమే రాస్తారు, బ్యాగులు అమ్మేవాళ్లు ఆ ఒక్క అంకెనే పట్టుకుంటారు. పొడవు 62, వెడల్పు 30, మందం 23 ఉన్న బ్యాగును కూడినా 115 వస్తుంది. అది ఎయిర్‌పోర్టులో పెట్టే కొలత చట్రంలో మాత్రం దిగదు.

ఇవాళ ఈ విమానం, రేపు ఇంకో విమానం ఎక్కినా ఇబ్బంది లేకుండా ఉండాలంటే, ఒక్కో వైపుకీ అన్నిటిలోకీ తక్కువ ఉన్న అంకె తీసుకోవాలి. అలా చూస్తే పైవాటిలో వచ్చేది 55×35×20. దీన్ని గుణిస్తే 38,500 ఘన సెంటీమీటర్లు, అంటే 38.5 లీటర్లు. మా విమానం ఇచ్చిన 56×36×23 అయినా 46 లీటర్ల చిల్లరే. కాబట్టి 50 లీటర్ల బ్యాగు మీద "క్యాబిన్ సైజు" అని రాసి ఉంటే, దాన్ని నిండా నింపితే అది క్యాబిన్ సైజు కాదు. దీనికి పదో తరగతి లెక్కలు కూడా అక్కర్లేదు, ఎనిమిదో తరగతి పిల్లలు చేస్తారు. 36 నుంచి 38 లీటర్ల లోపు చూసుకోవాలని కాగితం మీద రాసి పర్సులో పెట్టుకున్నాను.

జనవరి చివర్లో స్కూలు అయ్యాక సాయంత్రాలు షాపులు తిరిగాను. సుభాష్ రోడ్డు, తిలక్ రోడ్డు, టవర్ క్లాక్ చుట్టుపక్కల. చెల్లెలు పంపిన టేపు చేతిలో ఉంది. అన్ని షాపుల్లోనూ ఒకే మాట: "ఇది ఫ్లైట్‌లోకి పోతాది మేడమ్, నాది గ్యారంటీ. బెంగళూరు పోయే పిల్లోళ్లంతా ఇదే తీసుకుపోతారు." టేపు తీస్తే కొంతమందికి నచ్చలేదు. ఒక షాపులో ముసలాయన మాత్రం ఓపిగ్గా బ్యాగులో కుక్కిన కాగితాలు తీసేసి, రెండు దుప్పట్లు పెట్టి, "ఇప్పుడు కొలవమ్మా, ఖాళీదాన్ని కొలిస్తే ఏం తెలుస్తాది" అన్నాడు. ఖాళీగా 18 ఉన్న మందం దుప్పట్లు పెట్టేసరికి 28 అయింది. ఆయనే చెప్పాడు, "ఇది కాలేజీ బ్యాగమ్మా, పుస్తకాలకు కుట్టింది. బట్టలు పెడితే ముందుకు పొంగుతాది." నాకు అమ్మలేకపోయినా మంచి మాట చెప్పి పంపించాడు, అందుకు ఆయనకు కృతజ్ఞురాలిని.

ట్రాలీ కూడా చూశాను. 20 ఇంచుల గట్టి ట్రాలీ కొలతకు సరిపోయేలా ఉంది, ధర 2,800. మెడ నొప్పి ఉన్న మనిషిని కాబట్టి చక్రాల మీదికే మనసు పోయింది. ఆ రాత్రి చెల్లెలి మరిదితో మాట్లాడకపోతే మర్నాడు అదే కొనేదాన్ని. ఆ అబ్బాయిది రాజంపేట, కువైట్‌లో డ్రైవర్. మా వైపు కువైట్ పోయొచ్చేవాళ్లకు లగేజీ తూకం సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "అక్కా, సైజు తర్వాత చూసుకో. ఖాళీ బ్యాగు ఎంత తూగుతాదో ముందు చూడు. కౌంటర్ కాడ టేపు పెట్టి కొలిచేది తక్కువ, కాటా మీద మాత్రం పెట్టమంటారు" అన్నాడు. మర్నాడు అదే ట్రాలీని పక్కనున్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. 2 కిలోల 800 గ్రాములు. ఏడులో అది తీసేస్తే మిగిలేది 4 కిలోల 200. చక్రాలూ పిడీ మోయడానికే మన వాటాలో సగానికి దగ్గరగా పోతోంది! ఈ మొత్తం వ్యవహారంలో నాకు అందిన అన్నిటికంటే విలువైన సలహా అదే. మనదగ్గర 7 కిలోలు అన్నప్పుడు సెంటీమీటర్ల కంటే ముందు మనల్ని ఆపేది గ్రాములే.

ఆ తర్వాత ఆన్‌లైన్. ఫిబ్రవరి 3న ఒకటి ఆర్డర్ పెట్టాను. 40 లీటర్లు, 54×34×20, బరువు 1.2 కిలోలు, "విమానంలో అనుమతి ఉన్నది" అని పెద్ద అక్షరాలతో బొమ్మ. ధర 2,199. 8న వచ్చింది. ఇంట్లో పాత చీరలు నింపి కొలిస్తే, పైన పిడితో కలిపి పొడవు 58, మందం 27. బరువు 1.7. కొలతలు తప్పని రిటర్న్ పెడితే అమ్మినవాళ్ల నుంచి వచ్చిన జవాబు: ఆ కొలతలు బ్యాగు ఖాళీగా, చదునుగా ఉన్నప్పుడు తీసినవట, లోపలివట. ఎంత కోపమొచ్చిందంటే, టేపు పెట్టి ఫొటోలు తీసి అన్నీ పంపాను. కాటా మీద 1.7 కనిపించే ఫొటోకు మాత్రం వాళ్ల దగ్గర సమాధానం లేదు. 17న పికప్ అన్నారు, ఎవరూ రాలేదు. 20న వచ్చిన కుర్రాడు ట్యాగులు ఉన్నాయా, కవర్ ఉందా అని చూసి తీసుకెళ్లాడు. డబ్బు అకౌంట్‌లో పడింది మార్చి 3న. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ట్యాగు తెంచకండి, కవరు పారేయకండి, తెరిచిన రోజే కాటా మీద పెట్టి ఫొటో తీసుకోండి. ఆ మధ్యలోనే 349 రూపాయలు పెట్టి వేలాడదీసి తూచే చిన్న డిజిటల్ కాటా కొన్నాను, అది మాత్రం ఏ లోపం లేకుండా వచ్చింది.

మార్చి రెండో శనివారం స్కూలు సెలవు. నేను అనంతపురం నుంచి, చెల్లెలు కడప నుంచి బస్సుల్లో బెంగళూరు చేరి అక్కడ ఒక పెద్ద స్పోర్ట్స్ షాపుకు వెళ్లాం. బ్యాగును వీపుకు వేసుకుని, లోపల బరువులు పెట్టి, అద్దం ముందు నడిచి చూసుకునే వీలు అక్కడ ఉంది. ఇది మా ఊళ్లో దొరకనిది. అక్కడి అమ్మాయి వీపు ఎలా కొలవాలో చూపించింది. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక బొడిపెలా తగులుతుంది, అక్కడి నుంచి నడుము ఎముకల మట్టం దాకా టేపు పెట్టాలి. నాకు 43 వచ్చింది, చెల్లెలికి 39. మనిషి ఎత్తుకీ దీనికీ నేరుగా సంబంధం ఉండదట. చెల్లెలికి నచ్చిన ఎర్ర బ్యాగు వేసుకుంటే నడుము బెల్టు తొడల మీదికి దిగింది. అలా ఉంటే బరువంతా భుజాల మీదే పడుతుంది, బెల్టు ఉన్నా లేనట్టే.

చివరికి నా ముందు మిగిలినవి రెండు. ఒకటి 40 లీటర్లు, లోపల లోహపు ఫ్రేమ్, మెత్తటి వెడల్పాటి పట్టీలు, వేసుకుంటే బరువే తెలియనంత హాయిగా ఉంది. తూస్తే 1.9 కిలోలు. రెండోది 36 లీటర్లు, ఫ్రేమ్ లేదు, పలచటి నడుము బెల్టు, తూకం 1.1. మెడ నొప్పి ఉంది కదా అని చెల్లెలు మొదటిదే తీసుకోమంది. చాలాసేపు రెండూ మార్చి మార్చి వేసుకుని షాపులోనే తిరిగాను. ఆ ఫ్రేమ్ పదిహేను కిలోలు మోసేవాళ్లకు పనికొస్తుంది. మొత్తమే ఏడు కిలోలు మోసే మనిషి అందులో 800 గ్రాములు ఫ్రేమ్‌కి ఎందుకివ్వాలి అనిపించి రెండోదే తీసుకున్నాను. 3,499. చెల్లెలు అందులోనే చిన్న వీపుకు సరిపడే 34 లీటర్లది, 3,299కి.

కొనేముందు చెల్లెలు చూసిన తీరు చెప్పాలి, నాకైతే తట్టేది కాదు. పట్టీలు బ్యాగుకు కలిసేచోట కుట్టు చతురస్రంలా వేసి మధ్యలో ఇంటూ గుర్తు వేశారా అని తిరగేసి చూసింది. జిప్పు రన్నర్‌ని మూల మలుపుల దగ్గర ఒంటిచేత్తో లాగి చూసింది, అక్కడ పట్టుకుంటే నిండా నింపినప్పుడు తెగుతుందట. లోపలి లైనింగ్ అంచులు పీచు లేవకుండా పైపింగ్ వేశారా అని చూసింది. పైనుంచి మాత్రమే నింపే బ్యాగులు వద్దంది. పెట్టెలా మూడు వైపులా జిప్పు తెరుచుకునేది తీసుకుంటే సెక్యూరిటీ దగ్గర, హోటల్లో ఒక్క వస్తువు కోసం అంతా కెలకనక్కర్లేదు. ఇది అక్షరాలా నిజమైంది.

ఏప్రిల్ చివర్లో కిరాణా కొట్టు నుంచి అట్టపెట్టె తెచ్చి, 56×36×23 లోపలి కొలతకు కోసి టేపు అంటించాను. సర్దిన బ్యాగు అందులో దిగాలి, అదీ పరీక్ష. మొదట దిగలేదు, ముందు జేబులో గొడుగు, చార్జర్లు పెట్టేసరికి అక్కడ ఉబ్బింది. బరువైనవన్నీ వీపు వైపు పెట్టి, ముందు జేబులో కాగితాలు మాత్రం ఉంచి, పక్క పట్టీలు బిగిస్తే దిగింది. పక్క జేబులో నీళ్ల సీసా ఉంటే ఏం చేసినా దిగదు, కాబట్టి ఖాళీ సీసా లోపలికి పోయింది.

తూకం అసలు కథ. మొదటిసారి అన్నీ కలిపి 8.3 వచ్చింది. తగ్గించడం మొదలుపెడితే ప్రతి వస్తువు దగ్గరా ఒక పోట్లాట. బటూ కేవ్స్‌లో మురుగన్ గుడికి ధర్మవరం పట్టుచీర కట్టుకుని ఎక్కాలని నా కోరిక, ఎన్నాళ్లదో. అక్కడ 272 మెట్లు. చీర ఒక్కటే 850 గ్రాములు. చెల్లెలు "అక్కడ ఎండకు పట్టుచీరా?" అంది. నేను ఒప్పుకోలేదు. చీర ఉంచి రెండో జత చెప్పులు, ఒక చుడీదార్ సెట్టు, పెద్ద తువ్వాలు తీసేశాను. బట్టలు చీరతో కలిపి 2.6, చెప్పులు 0.5, పవర్ బ్యాంకూ చార్జర్లూ 0.7, సబ్బూ నూనె వగైరా 0.5, బీపీ మాత్రలు చీటీతో సహా 0.3, నిప్పట్లు 0.5, పర్సు 0.6, ఖాళీ బ్యాగు 1.1. మొత్తం 6.8.

తినేవాటి గురించి ఒక మాట. మా అత్తమ్మ చెనక్కాయల పొడి కొట్టి డబ్బాలో పెట్టారు. కారం పొడి చేతి బ్యాగులో సెక్యూరిటీ వాళ్లు పోనివ్వరు, నూనె ఉంటుంది కాబట్టి ఊరగాయనూ ఆపవచ్చు. ఈ పొడిలోనూ కారమే కదా, వాళ్లతో వాదించే ఓపిక లేక ఇంట్లోనే వదిలాను, ఆమె చిన్నబుచ్చుకున్నారు. నిప్పట్లకు ఏ ఇబ్బందీ రాలేదు. కొబ్బరి నూనె, షాంపూ 100 మిల్లీలీటర్లకు మించని సీసాల్లో పోసి, ఒక లీటరు పారదర్శక కవర్లో పెట్టాలి. సీసాలో సగమే నూనె ఉన్నా సీసా సైజునే చూస్తారు. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్‌లో వేయకూడదు. హద్దు 100 వాట్ అవర్. మా 20,000 ఎంఏహెచ్‌ది 3.7 వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే 74 వస్తుంది, సరిపోతుంది.

మే 8న బయల్దేరాం. చెల్లెలు ముందురోజే అనంతపురం వచ్చింది. మధ్యాహ్నం ఆర్టీసీ బస్సు, పెనుకొండ, కొడికొండ మీదుగా వెళ్లి దేవనహళ్లి దగ్గర దిగి అక్కడి నుంచి క్యాబ్. టెర్మినల్ 2లో లైన్లో నిలబడ్డప్పుడు నా అరచేతులు చెమటలు పట్టాయి. ఇన్ని నెలలు కొలిచిందీ తూచిందీ ఆ ఒక్క కాటా కోసమే. కౌంటర్ అమ్మాయి "పర్సు కూడా పెట్టండి మేడమ్" అంది. 6.9. ఇంట్లో కాటాకీ దానికీ 100 గ్రాములు తేడా, అందుకే 7.0 దాకా నింపకుండా కాస్త జాగా ఉంచుకోవాలి. చెల్లెలిది 6.6. ఇద్దరి బ్యాగులకూ ట్యాగు కట్టి పంపించారు. కొలత చట్రం పక్కనే ఉంది, దాంట్లో పెట్టమని అడగలేదు. మా పక్క లైన్లో కొత్తగా పెళ్లయిన జంట నేల మీద ట్రాలీ తెరుచుకుని బట్టల మీద బట్టలు తొడుక్కుంటున్నారు, చూస్తే ప్రాణం ఉసూరుమంది.

విమానంలో పైన పెట్టేటప్పుడు వేలాడే నడుము బెల్టు, పట్టీల కొసలు పక్కవాళ్ల బ్యాగులకు చిక్కుకుంటాయి. వాటిని ముందే లోపలికి దోపి బకిల్ పెట్టుకుంటే ఆ తంటా ఉండదు.

తిరుగు ప్రయాణం తేలిక అనుకునేవాళ్లు జాగ్రత్త. మాకు అక్కడ బోర్డింగ్ గేటు దగ్గర మళ్లీ తూచారు. చెల్లెలిది 7.4. షాపులో పనిచేసే పిల్లలకోసం వైట్ కాఫీ ప్యాకెట్లు కొంది. ముఖం పాలిపోయింది దానికి. నాది 6.3, నిప్పట్లు అయిపోయాయి కదా. మూడు వైపులా తెరుచుకునే జిప్పు వల్ల అక్కడే నిలబడి 600 గ్రాముల ప్యాకెట్ ఒకటి తీసి నా బ్యాగులో పెట్టాం. 6.8, 6.9. ఆయన చెయ్యి ఊపి పంపించాడు. కూర్చున్నాక చాలాసేపటి వరకు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

జూన్‌లో చెల్లెలు ఇదే బ్యాగుతో కడప నుంచి హైదరాబాద్ వెళ్లింది. అవి చిన్న ఏటీఆర్ విమానాలు, పైన అరలు కూడా చిన్నవి. కొలతలోనే ఉన్న బ్యాగునైనా విమానం మెట్ల దగ్గర తీసుకుని ట్యాగు ఇచ్చి కింద సామాన్ల గదిలో పెట్టారు, దిగాక తిరిగిచ్చారు. అప్పుడు పవర్ బ్యాంకు బయటికి తీసుకోవాలి. అది అడుగున ఉంటే వెనక మనుషులు నిలబడి ఉండగా వెతుక్కోవాలి, పై చిన్న జేబులో పెట్టుకోండి. మాత్రలు, డబ్బు కూడా అక్కడే.

ఇప్పుడు చెల్లెలి మరిది సెలవు మీద వచ్చి తిరిగి దోహా మీదుగా కువైట్ వెళ్తూ నా బ్యాగు అడిగాడు. ఖతార్ ఎయిర్‌వేస్ ఎకానమీ కొలత 50×37×25, బరువు 7 కిలోలే. నా బ్యాగు పొడవు 53. ఫ్రేమ్ లేదు కాబట్టి పైభాగం నింపకుండా మడిచి పట్టీ బిగిస్తే 49కి వస్తోంది, ఆ మడత చోట చెల్లెలు ఇంకో బకిల్ కుట్టి ఇస్తానంది. వచ్చే ఆదివారం కొత్త అట్టపెట్టె కోసి అందులో పెట్టి చూడాలి.